పేద కుటుంబాలకు నెలనెలా డబ్బు ఇస్తే ఆరోగ్యం బాగుపడుతుందా, తాగుడికి పోతుందా?

మీ ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి, నాకు అర్థమైనది ముందు చెబుతాను. మీరూ మీ కాలేజీ బ్యాచ్ వాళ్లూ కలిసి తిరుపతిలో జీవకోన వైపు ముప్పై కుటుంబాలకు ఏడాదిపాటు నెలకు రెండు వేలు ఇవ్వాలనుకుంటున్నారు. మీలో కొందరు 'డబ్బు చేతికిస్తే మగవాళ్లు తాగేస్తారు, సరుకులు కొనిద్దాం' అంటున్నారు. ఇంకొందరు 'ఊరికే ఇస్తే సోమరులవుతారు, చెకప్‌లకు వెళ్తేనే ఇద్దాం' అంటున్నారు. అసలు డబ్బు వల్ల ఆ ఇళ్లలో ఆరోగ్యం, అలవాట్లు మారతాయా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే, ఇవ్వండి. డబ్బుగానే ఇవ్వండి. ఇంటి ఆడమనిషి చేతికి, ప్రతి నెలా ఒకే తేదీకి, షరతులు లేకుండా ఇవ్వండి. మీ డబ్బు వల్ల తాగుడు పెరగదు. మీ డబ్బు వల్ల ఎవరూ మానేయరు కూడా. ఇక ఆరోగ్యం సంగతి. కనిపించే మార్పు చాలావరకు ఒక్క చోటే ఉంటుంది: ఏం చెయ్యాలో తెలిసి కూడా వాయిదా వేస్తున్న పనులు తొందరగా జరుగుతాయి. ఇంతకు మించి ఆశ పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి మీ గ్రూపులో ఒకరినొకరు నిందించుకుంటారు.

నేను ఆరోగ్య శాఖలో ఏఎన్‌ఎంగా చేరి హెల్త్ సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ భాగం బంగారుపాళెం, పలమనేరు, గంగాధర నెల్లూరు వైపు పల్లెల్లో గడిచింది, చివరి కొన్నేళ్లు తిరుపతి బస్తీల్లో. ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషిని కాను. పింఛన్లు, కాన్పు డబ్బులు, అమ్మ ఒడి, చేయూత ఆ ఇళ్లలోకి ఎలా వచ్చాయో, వచ్చాక ఎటు పోయాయో గడప దగ్గర కూర్చుని చూసిన అనుభవం మాత్రం ఉంది. మా అమ్మాయి పబ్లిక్ హెల్త్ చదివింది, ఆమె పుణ్యమా అని దీని మీద వచ్చిన అధ్యయనాలు కూడా కొన్ని చదివాను.

వాయిదా అని ఎందుకంటున్నానంటే

పేదవాళ్లకు ఆరోగ్యం గురించి తెలియదు, మనం చెబితే మారతారు అనే నమ్మకం చదువుకున్నవాళ్లలో గట్టిగా ఉంది. మా శాఖలో కూడా ఉంది. ఎన్ని అవగాహన సదస్సులు పెట్టామో, ఎన్ని ఫ్లెక్సీలు కట్టామో! కానీ షుగర్ ఉన్న మనిషిని ఎవరినైనా అడగండి, మాత్ర రోజూ వేసుకోవాలని చెబుతుంది. పాపకు మూడు రోజులుగా జ్వరం తగ్గకపోతే రక్తపరీక్ష చేయించాలని తల్లికి తెలుసు. తెలిసీ ఎందుకు చేయదన్నదే మనం అడగాల్సింది.

బంగారుపాళెం దగ్గర ఒకామె మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పోయేది. తోతాపురి సీజన్‌లో రోజంతా నిలబడి కాయలు ఏరే పని. షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. మాత్రలు పీహెచ్‌సీలో ఉచితం. ఉచితమే గానీ, తెచ్చుకోవాలంటే ఆటో ఎక్కాలి, లైన్లో నిలబడాలి, ఆ రోజు కూలి పోవాలి. సీజన్‌లో ఉన్నప్పుడు కూలి పోతుందని వెళ్లేది కాదు, సీజన్ అయిపోయాక ఆటోకి లేక వెళ్లేది కాదు. నేను ఏళ్ల తరబడి ఆమెకు చెబుతూనే ఉన్నాను, ఆమె తల ఊపుతూనే ఉంది. వాళ్ల అత్తగారికి పింఛను మంజూరయ్యాక ఆమె మాత్ర వేసుకోని రోజులు కనపడటం మానేశాయి. ఆమెకు కొత్తగా ఎవరూ ఏమీ నేర్పలేదు. నెల మొదటి వారంలో ఇంట్లో కాస్త చిల్లర ఉంటోంది, అంతే.

ఇంకో సంగతి, ఇది చాలామంది పట్టించుకోరు. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టర్ అప్పు పెడతాడు. ప్రభుత్వ ఆసుపత్రి డబ్బు తీసుకోదు గానీ అప్పు కూడా పెట్టదు. అక్కడికి పోవడానికి ఆటో డ్రైవర్‌కి, తోడు వచ్చినవాళ్ల తిండికి, బయట రాసిచ్చిన టెస్టుకి రొక్కం కావాలి. చేతిలో పైసా లేని తల్లి బిడ్డను తిరుపతి రుయా పెద్దాసుపత్రికి తీసుకుపోదు, ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకుపోయి సూది వేయించి ఖాతాలో రాయిస్తుంది. మనమేమో దాన్ని మూఢత్వం అంటాం. చేతిలో ఐదొందలుంటే అదే తల్లి రెండో రోజే పెద్దాసుపత్రికి వెళ్తుంది. చంటిబిడ్డ విరేచనాల విషయంలో రెండో రోజుకీ ఐదో రోజుకీ మధ్య తేడా ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

మెక్సికోలో 1997లో ప్రోగ్రెసా అనే పథకం మొదలుపెట్టి తల్లుల చేతికి డబ్బు ఇచ్చారు. డబ్బు అందిన ఇళ్లలో మూడేళ్లలోపు పిల్లల జబ్బులు ఐదో వంతుకు పైగా తగ్గాయని, పిల్లలు సుమారు ఒక సెంటీమీటరు ఎక్కువ ఎదిగారని తేలింది. బ్రెజిల్‌లో 2003లో వచ్చిన బోల్సా ఫామిలియా మీద 2013లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన పరిశోధనలో, పథకం బాగా అమలైన పట్టణాల్లో ఐదేళ్లలోపు పిల్లల మరణాలు తగ్గాయి. అందులోనూ బాగా తగ్గినవి విరేచనాల వల్ల, పోషకాహార లోపం వల్ల వచ్చేవి. ఆ రెండూ ఆలస్యం వల్ల ప్రాణం తీసే జబ్బులే.

ఆపరేషన్ అయినవాళ్ల సంగతి కూడా చెప్పాలి. గర్భసంచి ఆపరేషన్ ఉచితంగా అయిపోతుంది. పదిహేనో రోజుకి ఆమె బిందె ఎత్తుతూ కనపడుతుంది, లేదా పాలకేంద్రానికి క్యాన్ మోస్తూ. 'డాక్టరు ఆరు వారాలు బరువులు ఎత్తొద్దన్నాడు కదమ్మా' అంటే, 'ఎత్తకపోతే ఎవరు పెడతారు మేడం' అనేది జవాబు. మన రాష్ట్రంలో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా వచ్చింది. ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000. నా దృష్టిలో వైద్యం కోసం ఇచ్చిన డబ్బుల్లో ఇంత తెలివైనది ఇంకోటి లేదు. విశ్రాంతి కూడా మందేనని, దానికీ ఒక ధర ఉందని ఒప్పుకున్న పథకం అది. మీ ముప్పై ఇళ్లలో ఎవరికైనా ఆపరేషన్ జరిగితే ఆ రెండు నెలలు ఇంకో వెయ్యి కలిపి ఇవ్వండి. మీ మొత్తం ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చేది బహుశా ఆ వెయ్యే.

తాగుడు గురించి

ఈ భయం సహజమే, నన్ను కూడా అందరూ ముందు ఇదే అడుగుతారు. ప్రపంచ బ్యాంకుకు చెందిన ఇద్దరు పరిశోధకులు వేర్వేరు దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. డబ్బు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు, కొన్నిచోట్ల తగ్గింది కూడా. కెన్యా పల్లెల్లో ఏ షరతూ లేకుండా డబ్బు ఇచ్చినచోటా అంతే.

మన అనుభవంతో చూసినా ఇది ఆశ్చర్యమేమీ కాదు. క్వార్టర్ 99 రూపాయలకు దొరుకుతున్న రోజుల్లో తాగేవాడు మీ రెండు వేల కోసం ఎదురుచూస్తూ కూర్చోడు. రోజు కూలిలోంచి తాగుతాడు, అది లేకపోతే పెళ్లాం పాల బిల్లులోంచి, అదీ లేకపోతే బెల్టు షాపులో అప్పు పెట్టి. మీ డబ్బు వచ్చినా రాకపోయినా ఆ మనిషి తాగే పరిమాణం దాదాపు అదే.

నేను చూసిన అసలు ఇబ్బంది వేరే. ఆడవాళ్ల పేరున డబ్బు పడటం మొదలయ్యాక కొందరు మొగుళ్లు తమ కూలి డబ్బు ఇంట్లో ఇవ్వడం తగ్గించారు. 'నీకు పడుతోంది కదా, బియ్యం నువ్వే చూసుకో' అనే మాట పలమనేరు వైపు ఒకే వీధిలో రెండు మూడు ఇళ్లలో విన్నాను. పింఛను డబ్బుతో ఎవరూ తాగలేదు. కానీ పింఛను వచ్చింది కాబట్టి కూలి డబ్బు మొగుడి చేతిలోనే ఉండిపోయింది. లెక్క చూస్తే ఇంటికి కలిసొచ్చింది సగమే. అందుకే 'ఈ డబ్బుతో ఏం కొన్నారు' అని అడిగితే మీకు నిజం తెలియదు. ఇంట్లో మిగతా డబ్బు ఎటు పోతోందో చూడాలి. అలాంటి ఇల్లు కనిపిస్తే డబ్బు ఆపకండి. ఆపితే దెబ్బ తగిలేది ఆమెకూ పిల్లలకూ. అలాంటి ఇళ్లలో పిల్లల స్కూలు ఖర్చో మందుల షాపు ఖాతానో కొంత నేరుగా కట్టేస్తే మేలు.

సోమరితనం గురించి ఒక్క మాటే చెబుతాను. ఆరు దేశాల్లో ప్రభుత్వాలు నడిపిన పథకాల మీద ఏడు పెద్ద ప్రయోగాలను కలిపి చూస్తే, డబ్బు అందినవాళ్లు పని తగ్గించారన్న ఆధారం లేదు. నెలకు రెండు వేలతో తిరుపతిలో ఇంటద్దె కూడా గడవదు. ఇక పని మానేది ఎక్కడ?

ఎవరి చేతికి

ఇంటి ఆడమనిషి అన్నాను గానీ, ఏ ఆడమనిషి అన్నది కూడా ముఖ్యం. దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛను మీద పేరున్న అధ్యయనం ఒకటుంది. పింఛను నాయనమ్మకో అమ్మమ్మకో వచ్చిన ఇళ్లలో మనవరాళ్ల బరువు మెరుగైంది. అదే పింఛను తాతకు వస్తే పిల్లల్లో ఆ మార్పు కనపడలేదు. చిత్తూరు పల్లెల్లో నేను చూసింది సరిగ్గా ఇదే. ఒకటో తేదీన సచివాలయం వాళ్లు వచ్చి పింఛను చేతిలో పెడితే ముసలామె చేసే మొదటి పని అంగడికి పోయి పిల్లలకు గుడ్లో, బన్నో తేవడం. 2024 జులై నుంచి పింఛను 4,000 అయ్యాక ముసలివాళ్ల మాటకు ఇళ్లలో విలువ పెరిగింది. కోడలు కాస్త నెమ్మదిగా మాట్లాడుతుంది, కళ్లజోడు విరిగితే కొడుకు ఆ నెలలోనే మార్పిస్తాడు. ఇది కూడా ఆరోగ్యమే. ముసలివాళ్లకు వేళకు అన్నం దొరకడం కంటే పెద్ద మందేముంది?

టౌన్‌లో మీకు ఎదురయ్యే చిక్కు ఇంకోటి ఉంది. ఖాతా ఆమె పేరునే ఉంటుంది గానీ ఖాతాకి కలిపిన ఫోన్ నంబరు మొగుడిదో కొడుకుదో అయి ఉంటుంది. మెసేజ్ వాళ్లకే వస్తుంది, ఫోన్‌పే వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఆమెకు తెలిసేలోపే డబ్బు కదిలిపోతుంది. జాబితా రాసేటప్పుడు 'ఖాతా ఎవరి పేరున' అని కాకుండా 'మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది' అని అడగండి. అలాగే ఆ ఖాతా నుంచి ఏ లోన్ కంతూ ఆటోమేటిక్‌గా కట్ అవకుండా చూసుకోండి. పథకం డబ్బు పడిన రోజే పాత బాకీ కింద బ్యాంకు జమ చేసుకున్న ఇళ్లు నాకు తెలుసు.

అప్పు, టెన్షన్, బీపీ

బస్తీల్లో బీపీ చూసేటప్పుడు నేను గమనించినది ఒకటి చెబుతాను, దీన్ని అధ్యయనం అనుకోకండి. మైక్రోఫైనాన్స్ గ్రూపు కంతు కట్టే రోజుకు ముందు బీపీ చూస్తే ఒక రకంగా, కట్టేశాక చూస్తే ఇంకో రకంగా వచ్చే ఆడవాళ్లు ఉండేవాళ్లు. రాత్రిళ్లు నిద్ర లేదని, గుండెల్లో దడగా ఉందని వచ్చేవాళ్లు. ఈసీజీ మామూలుగా ఉండేది. ఐదారు ప్రశ్నలు అడిగితే చివరికి చీటీ పాటో, మార్వాడీ దగ్గర కుదువ పెట్టిన తాళిబొట్టో బయటికొచ్చేది.

కెనడాలో డాఫిన్ అనే చిన్న పట్టణంలో 1970లలో కొన్నేళ్లు పేద కుటుంబాలకు కనీస ఆదాయం అందేలా చూశారు. చాలా ఏళ్ల తర్వాత ఒక పరిశోధకురాలు ఆ కాలపు ఆసుపత్రి రికార్డులు తీసి చూస్తే, చుట్టుపక్కల వాళ్లతో పోల్చినప్పుడు ఆసుపత్రిలో చేరేవాళ్లు 8.5 శాతం తగ్గారు. తగ్గినవి ఎక్కువగా ప్రమాదాలు, గాయాలు, మానసిక సమస్యలకు సంబంధించినవి. ఇది చదివినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. అప్పు టెన్షన్‌లో ఉన్న మనిషి డబుల్ డ్యూటీ చేస్తాడు, నిద్రమత్తులో బండి నడుపుతాడు, ఇంటికొచ్చి చెయ్యి చేసుకుంటాడు. ఇండోనేషియాలో పేద కుటుంబాలకు డబ్బు సాయం అందిన ప్రాంతాల్లో ఆత్మహత్యలు దాదాపు 18 శాతం తగ్గాయని కూడా ఒక అధ్యయనం చెబుతోంది.

కాబట్టి మీ ముప్పై ఇళ్లలో ఎవరైనా మొదటి నెల డబ్బంతా వడ్డీకి కట్టేశారని తెలిస్తే కోపం తెచ్చుకోకండి. మీకు అది వృథాలా కనిపించొచ్చు. ఆమెకు మాత్రం ఆ నెల గుమ్మం ముందు ఎవరూ అరవలేదు.

నెలనెలా ఇవ్వాలా, ఒకేసారి ఇవ్వాలా

కెన్యా ప్రయోగంలో కొందరికి నెలనెలా, కొందరికి ఒకేసారి ఇచ్చి చూశారు. నెలనెలా వచ్చినవాళ్లకు తిండి బాగుపడింది, ఒకేసారి వచ్చినవాళ్లు ఇంటి సామాను లాంటి పెద్ద వస్తువులు కొన్నారు. మన దగ్గరా అదే. 2020 జనవరి 9న చిత్తూరులోనే అమ్మ ఒడి మొదలైంది, ఏడాదికోసారి 15,000. ఇప్పుడు తల్లికి వందనం కింద ఒక్కో బిడ్డకు 13,000 చేతికొస్తోంది. ఆ డబ్బు ప్రైవేటు స్కూలు ఫీజుకి, కుదువ విడిపించడానికి, ఇంటి రేకులకి పోవడం చూశాను. తప్పేం లేదు, అవీ అవసరాలే. కానీ దానివల్ల పళ్లెంలో కూర మారలేదు. పళ్లెంలో మార్పు తెచ్చింది నెలనెలా వచ్చే పింఛనే. మీ లక్ష్యం ఆరోగ్యం అంటున్నారు కాబట్టి నెలనెలా ఇవ్వండి.

తేదీ తప్పకూడదు. ఐదో తేదీ అన్నారంటే ఐదో తేదీనే. ఒక నెల పన్నెండో తేదీకి, ఇంకో నెల రెండు నెలలది కలిపి ఇస్తే ఆ డబ్బుని నమ్మి ఎవరూ ప్లాన్ వేసుకోరు, వచ్చినప్పుడు ఖర్చు పెట్టేస్తారు. గర్భిణికి తిండి కోసం ఉద్దేశించిన డబ్బు బిడ్డ పుట్టి బోర్లా పడ్డాక చేతికొచ్చిన కేసులు మా రికార్డుల్లో కొల్లలు. ఆ డబ్బుతో అన్నప్రాసన బాగా జరిగేది.

సరుకులు ఇస్తే?

ఆ ఇళ్లకు రేషన్ బియ్యం వస్తూనే ఉంది. ఇంకో పాతిక కిలోలు ఇస్తే అమ్ముకుంటారు, అదీ తక్కువ ధరకు. వాళ్లకు లేనిది గుడ్డు, పాలు, నూనె, కూరగాయలు. ఇవి మూటగట్టి నెలకోసారి ఇచ్చేవి కావు. ఏ ఇంటికి ఏది లోటో మీకంటే ఆమెకే తెలుసు.

ఒక్క మినహాయింపు ఉంది, అది గట్టిగా చెబుతాను: ఇంట్లో టీబీ రోగి ఉంటే సరుకులు కూడా ఇవ్వండి. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే ప్రయోగం ఫలితాలు 2023లో వచ్చాయి. టీబీ రోగి ఇంట్లో మిగతా అందరికీ నెలనెలా తిండి సరుకులు ఇస్తే, వాళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. ఊపిరితిత్తుల నిపుణులే ముక్కున వేలేసుకున్న ఫలితం అది. ప్రభుత్వం టీబీ రోగికి నిక్షయ్ పోషణ్ కింద ఇచ్చే 500ను 2024 నవంబరు నుంచి 1,000 చేసింది, కానీ అది రోగి ఒక్కరి కోసం. తండ్రికి టీబీ వస్తే ఇంట్లో పిల్లలు కూడా కడుపు నిండా తినాలి. పప్పు, పాలపొడి, నూనె, వేరుశనగలు. మన వైపు వేరుశనగలకు కొదవేముంది.

షరతులు

ప్రోగ్రెసాలో షరతులున్నాయి కదా అని మీ స్నేహితులు అడగొచ్చు. అక్కడ చూసేందుకు ప్రభుత్వ యంత్రాంగం ఉంది. మీ ముప్పై ఇళ్లకు ఎవరు చూస్తారు? చివరికి ఆ భారం బస్తీ ఆశా కార్యకర్త మీదో ఏఎన్‌ఎం మీదో పడుతుంది. సంతకం కోసం ఆడవాళ్లు ఆమె చుట్టూ తిరుగుతారు, ఆమె మొహమాటానికి పెట్టేస్తుంది. ఆ కుర్చీలో కూర్చున్న మనిషిగా చెబుతున్నాను, దాన్ని పర్యవేక్షణ అనరు.

పైగా షరతు తప్పేది ఎవరు? బెంగళూరు కట్టడం పనికి వలస పోయినామె, రేణిగుంట వైపు ఇటుక బట్టీలో ఉన్నామె, మంచాన పడ్డ మామగారిని వదిలి కదల్లేనామె. అంటే మీ డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైనవాళ్లు. దేశమంతా ఆసుపత్రిలో కాన్పుకి డబ్బు ఇచ్చే జననీ సురక్ష యోజన 2005లో వచ్చింది. ఆసుపత్రి కాన్పులు బాగా పెరిగాయి. పసిబిడ్డల మరణాలు మాత్రం అదే వేగంతో తగ్గలేదు, ఎందుకంటే ఆసుపత్రి గడప దాకా తెచ్చింది డబ్బు, గడప లోపల ఎలా చూస్తారన్నది వేరే కథ. షరతు పెట్టి పంపించినా అక్కడ నర్సు లేకపోతే, టెస్టు కిట్లు లేకపోతే ఆమె ఏం చేస్తుంది?

షరతుకి బదులు పని చేసే చిన్న ఉపాయం ఉంది. డబ్బు ఇచ్చే తేదీ పట్టణ ఆరోగ్య కేంద్రంలో మీ బస్తీకి షుగర్, బీపీ మందులిచ్చే రోజుకి ఒకటి రెండు రోజులు ముందు ఉండేలా పెట్టుకోండి. ఏమీ చెప్పక్కర్లేదు. చేతిలో డబ్బున్న రోజు పక్కనే మందుల రోజు ఉంటే వెళ్తారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి రుయాకో మెటర్నిటీ ఆసుపత్రికో పోవడం కూడా కొంత తేలికైంది.

డబ్బు చేయలేనివి

ఇక్కడ మీ ఉత్సాహం మీద కొంచెం నీళ్లు చల్లాలి. అమెరికాలో నాలుగు నగరాల్లో వెయ్యి మంది పేద తల్లులను తీసుకుని, కొందరికి నెలకు 333 డాలర్లు, మిగతావాళ్లకు 20 డాలర్లు ఇస్తూ వచ్చారు. పిల్లలకు నాలుగేళ్లు నిండేసరికి భాషలో, ప్రవర్తనలో, మెదడు పనితీరులో రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మద్యం ఖర్చులోనూ తేడా లేదు, అది వేరే సంగతి. అమెరికా లెక్క మనకు పూర్తిగా వర్తించదు. అక్కడ 333 డాలర్లు మిగతా ఖర్చుల్లో కలిసిపోతాయి, ఇక్కడ రెండు వేలు పాలూ గుడ్లూ అవుతాయి. కానీ డబ్బు ఒక్కటే పిల్లల చదువును, బుద్ధిని మార్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకో ఇబ్బంది పెద్దవాళ్లది. మెక్సికోలోనే, ఎక్కువ డబ్బు అందిన ఇళ్లలో పెద్దవాళ్ల బరువూ బీపీ పెరిగాయని ఒక అధ్యయనం చూపింది. మన బస్తీల్లో డబ్బు రాగానే ముందు మారేది రాత్రి టిఫిన్. ఇంట్లో సంగటి పోయి బండి మీద బజ్జీలు, నూడుల్స్, పిల్లలకు కూల్‌డ్రింక్ వస్తాయి. పొద్దున్నుంచి లాడ్జీలో గదులు ఊడ్చి వచ్చినామె స్టవ్ దగ్గర నిలబడలేక కొంటుంది, తప్పు పట్టలేను. కానీ ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే మొదటి మూడు నెలలు ఓ కన్నేసి ఉంచండి.

రక్తహీనత కూడా డబ్బుకు అంత తేలిగ్గా లొంగదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. గుడ్లు కొన్నా అవి ముందు మొగుడికి, తర్వాత కొడుక్కి, మిగిలితే కూతురికి. ఆమె పళ్లెం దాకా రావు. దీనికి ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు, ఇంట్లో వడ్డన వరస మారడం కావాలి. నీళ్ల సంగతి అంతే. ట్యాంకర్ నీళ్లు బాగోకపోతే మీ రెండు వేలతో విరేచనాలు ఆగవు.

ఎలా కొలవాలి

పిల్లల బరువు, ఎత్తు కొలిచి ఏడాదిలో గ్రాఫ్ గీద్దామనుకోకండి. ముప్పై ఇళ్లలో ఏడాదికి అది కనపడదు. నేనైతే వాయిదాలను లెక్కపెడతాను. జ్వరం మొదలైన ఎన్నో రోజుకి డాక్టర్ దగ్గరికి వెళ్లారు? ఈ నెల మాత్ర వేసుకోని రోజులు ఎన్ని? కుదువ చీటీలు ఎన్ని ఉన్నాయి? పిల్లాడు పనికి పోవడం వల్ల బడి ఎన్ని రోజులు మానాడు? రాత్రి అన్నం మానేసిన రోజులు ఎన్ని? మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆరు నెలలకోసారి అడగండి. అడిగేది బ్యాచ్‌లో ఉన్న ఆడవాళ్లయితే జవాబులు నిజంగా వస్తాయి. ఫొటోలు తీయకండి. చెక్కు పట్టుకుని నిలబెట్టి ఫొటో తీస్తే ఆ బస్తీలో ఆ ఇంటి పరువు పోతుంది, తర్వాత మీకు ఎవరూ నిజం చెప్పరు.

ఎప్పుడు మొదలుపెట్టాలని కూడా అడిగారు. చాలామంది జూన్‌లో స్కూళ్లు తెరిచే టైంలో మొదలుపెడతారు, ఆ డబ్బంతా పుస్తకాలకీ ఫీజుకీ పోతుంది. నన్నడిగితే అక్టోబరు మంచిది. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కట్టడం పని ఆగిపోతుంది, ఇటుక బట్టీలు ఆగిపోతాయి, డెంగీ జ్వరాలు అప్పుడే ఎక్కువ. 2021 నవంబరు వరదలప్పుడు బస్తీల్లో చూసింది నేను మర్చిపోలేదు. జబ్బూ పని లేకపోవడం కలిసి వచ్చే ఆ మూడు నెలల్లో రెండు వేల విలువ వేసవిలో రెండు వేలకంటే చాలా ఎక్కువ.

ఏ నెలతో ఆపేస్తారో మొదటి రోజే అందరికీ చెప్పేయండి. 'చూద్దాం, ఇంకా పొడిగిస్తామేమో' అని నాన్చితే వాళ్లు దాన్ని నమ్మి చీటీ వేస్తారు, లోన్ తీసుకుంటారు. ఇక జాబితా. బస్తీ లీడర్‌ని అడిగితే అతని చుట్టాల పేర్లు ముందుంటాయి. ఆశా కార్యకర్తనూ అంగన్‌వాడీ టీచర్‌నూ విడివిడిగా అడిగి, ఇద్దరూ చెప్పిన పేర్లతో మొదలుపెట్టండి. పేర్లు రాసుకున్నాక ఎక్కడైనా తికమక పడితే ఇక్కడే కింద అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.